ఆరో వేలు

విశ్వవిద్యాలయం నుంచి ఆ ఉత్తరం ఫోనులోకి వచ్చినప్పుడు నొయెలియా రెండు కాఫీ కప్పుల్ని పక్కపక్కన పెట్టి చూసుకుంటోంది. పెళ్లయి మూడు నెలలైనా, కప్పులు రెండు ఉండటం ఆమెకింకా ముచ్చటగానే ఉంది. ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కర్టెన్లకు అంచు కుట్టాలి, వీలైతే ఆ అంచు కుట్టడాన్ని రేపటికి వాయిదా వెయ్యాలి.

"రమీరో, నన్ను తీసుకున్నారు," అంది.

"దేంట్లోకి?"

"నిద్రపోవడానికి."

రమీరో రొట్టెకి వెన్న రాయడం ఆపాడు. "దానికి ఎంపిక కూడానా? మా ఊళ్లో అది అందరికీ పుట్టుకతోనే వస్తుంది."

అబద్ధం కాదు. అర్జెంటీనాలోని ఈ శాంతియాగో దెల్ ఎస్తేరోలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదింటిదాకా కుక్కలు కూడా మొరగవు. నొయెలియాది మాత్రం పక్క రాష్ట్రం, తుకుమాన్. అక్కడివాళ్లు మధ్యాహ్నం పడుకున్నా తప్పు చేసినట్టు పడుకుంటారు. విశ్వవిద్యాలయం వాళ్లు చేస్తున్న పరిశోధన సంగతి ఏమిటంటే, కల కంటున్నప్పుడే 'ఇది కల' అని తెలుసుకోవడం. దానికి ఫోనులో ఒక యాప్, తలకి కట్టుకునే తెల్లటి పట్టీ ఇస్తారు. పగలు ఎప్పుడు పడితే అప్పుడు ఫోను ఒక పాట మోగిస్తుంది. మోగగానే మూడు పనులు చెయ్యాలి. ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడాలి, చేతి వేళ్లు లెక్కపెట్టుకోవాలి, 'ఇది కలా?' అని పైకి అడగాలి. అలవాటైపోతే నిద్రలో అదే పాట వినిపించినప్పుడు కూడా అవే చేస్తారు. కలలో వేళ్లు ఐదుండవు, తక్కువో ఎక్కువో అవుతాయి. అప్పుడు కళ్లు ఎడమకీ కుడికీ రెండేసిసార్లు తిప్పితే తలపట్టీ దాన్ని రాసుకుంటుంది. 'ఆ తర్వాత మీ ఇష్టం. ఎగరండి. లేదా మెలకువలో చెప్పలేని మాట ఎవరికైనా చెప్పండి,' అని ప్రొఫెసరు రాశారు.

పాటని ఎవరికి వాళ్లు ఎంచుకోవచ్చు. గంట, నీటిచుక్క, పిల్లంగోవి ఉన్నాయి. చిన్నప్పుడు తమ వీధిలో కత్తులు సాణపట్టేవాడు ఊదుకుంటూ వెళ్లే పిల్లంగోవి గుర్తొచ్చి నొయెలియా దాన్నే నొక్కింది. అలాంటివాడు ఈ వీధిలోనూ తిరుగుతాడన్న ఆలోచన ఆమె పట్టభద్ర బుర్రకి తట్టలేదు.

"అమ్మకి మాత్రం చెప్పకు," అన్నాడు రమీరో. "శాంతియాగో వచ్చి నిద్రపోవడం నేర్చుకోడానికి తుకుమాన్ పిల్ల కాలేజీలో చేరిందని తెలిస్తే ఊరంతా నవ్వుతుంది."

అత్తగారు నేలిదా దగ్గర నొయెలియా దాస్తున్న రహస్యం అదొక్కటే కాదు. ఈ ఇంట్లో ఎంపనాదలు, అంటే మాంసం కూరిన కజ్జికాయలు, ఎండుద్రాక్ష లేకుండా ఉండవు. తుకుమాన్‌లో మాంసంలో ఎండుద్రాక్ష వేస్తే సంబంధాలు తప్పిపోతాయి. కాని మొదటిసారి ఇంటికొచ్చిన రోజు, "ఎండుద్రాక్ష పడుతుందా అమ్మాయ్?" అని నేలిదా అడిగితే, ప్రేమలో ఉన్న మనిషి గనక, "ప్రాణం," అనేసింది. అప్పటి నుంచి ఆమెకి అందరికంటే నాలుగు ఎక్కువే వస్తున్నాయి. వాటిని నాలుకతో ఏరి, చేతిరుమాల్లో చుట్టి, పెరట్లో జెరేనియం కుండీలో పాతిపెట్టడం ఆమెకి చేతనైపోయింది. మొక్క బాగా పెరుగుతోంది.

ఇప్పుడు నోరు విప్పడానికి అసలు వీల్లేదు. "ఆదివారం నువ్వూ నా పక్కన కూర్చుని ఎంపనాదల అంచులు అల్లుదువుగాని," అంది నేలిదా పోయిన వారం. ఆ బల్ల దగ్గర కూర్చోనిచ్చిందంటే ఇంటి మనిషని ఒప్పుకున్నట్టే. నేలిదా చెల్లెలు ఎల్వీరా కోడలు ఆ పిలుపు కోసం నాలుగేళ్లు ఆగింది. నొయెలియా ఆ సంగతి వాళ్లమ్మకి ఫోనులో రెండుసార్లు చెప్పుకుంది, రెండోసారి మొదటిసారి చెప్పనట్టే.

బుధవారం మధ్యాహ్నం నేలిదా పళ్లెం తెచ్చి కోడలి ముందు పెట్టింది. వేడి ఆవిరి మొహానికి తగిలిన క్షణాన జేబులో పిల్లంగోవి మోగింది. నియమం నియమమే. నొయెలియా ముక్కు గట్టిగా మూసుకుంది, కళ్లు పెద్దవి చేసింది, వదిలేసింది.

"వాసనొస్తోందా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. ఊరికే, అలవాటు."

"తిండి ముందు ముక్కు మూసుకోవడం మీ వైపు అలవాటా?"

నేలిదా పళ్లెం వెనక్కి తీసుకెళ్లి తను వాసన చూసి, కొడుకు చేత చూపించి, చెవులు సరిగ్గా వినపడని తన అత్తగారి చేత కూడా చూపించింది. సాయంత్రం, పద్దెనిమిదేళ్లుగా మాంసం కొంటున్న కొట్టుకెళ్లి నాలుగు మాటలు అనేసి, ఎదుటి కొట్టుకి మారిపోయింది.

గురువారం బట్టలారేస్తూ నొయెలియా మూడుసార్లు వేళ్లు లెక్కపెట్టుకుంది, పెదాలు కదుపుతూ. వంటింటి కిటికీ వెనక నేలిదా చేతిలో గరిటె ఆగిపోయింది. మాంసం వాసన పడకపోవడం, వేళ్లు లెక్కపెట్టుకోవడం. ఇద్దరు పిల్లల్ని కన్న మనిషికి ఇంతకంటే ఏం చెప్పాలి? వెంటనే చెల్లెలికి ఫోను చేసింది.

"లెక్క ఎక్కడ ఆగుతోంది?" అంది ఎల్వీరా.

"ఐదు దగ్గర. ప్రతిసారీ ఐదే."

"పెళ్లయి మూడు నెలలే కదే."

"నీ పెళ్లి లెక్క నేనెప్పుడైనా తీశానా?" అంది నేలిదా. ఎల్వీరా ఫోను పెట్టేసి పసుపు ఊలు కొనడానికి వెళ్లింది.

శుక్రవారం నేలిదా కోడలి భుజాల చుట్టూ తన మెత్తటి శాలువా కప్పింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"ఇది కలా?" అంది నొయెలియా, నియమం ప్రకారం.

నేలిదా కళ్లు తుడుచుకుంది. "కల కాదు తల్లీ. నిజమే."

అప్పటి నుంచి పొద్దున్నే గ్లాసుడు పాలు వచ్చేవి, అడుగున గుప్పెడు ఎండుద్రాక్షతో. "రక్తం పడుతుంది, తాగు," అనేది అత్తగారు, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడి. కుండీదాకా వెళ్లే వీలు లేదు.

"మీ అమ్మకి నేనంటే ప్రాణం," అని నొయెలియా మొగుడితో మురిసిపోయింది. "నన్ను కుర్చీ కూడా ఎత్తనివ్వడం లేదు."

"నన్ను మూడు కుర్చీలు ఎత్తమంది," అన్నాడు రమీరో.

ఆదివారం వచ్చింది. ఐదింటికి పిండి కలపడం, ఆ తర్వాత అంచులు. మాంసం కత్తితోనే సన్నగా తరగాలి గనక, సాణవాడిని కూడా ఐదింటికే రమ్మని కబురు వెళ్లింది. అతను వేరే ఊరివాడు, నాలుగింటికే వచ్చాడు. వీధి మొదట్లో నిలబడి పిల్లంగోవి ఊదాడు.

చీకటి గదిలో, తలకి పట్టీతో, నొయెలియా కళ్లు తెరిచింది. తన పాటే. దుప్పటి మీదున్న చేతిని చూసుకుని లెక్కపెట్టింది. ఆరు. మళ్లీ లెక్కపెట్టింది. ఆరే. ఆరోది కాస్త లావుగా, వెంట్రుకలతో ఉంది. కలలంతే, వివరాల దగ్గర అశ్రద్ధ. మొత్తానికి సాధించింది.

పెరట్లో ద్రాక్షపందిరి కింద నేలిదా, చెల్లెలు, ముసలావిడ ఆ రోజుకి నిద్ర మానుకుని కూర్చున్నారు. ఎల్వీరా జుట్టు కొత్తగా తోమిన రాగిబిందెలా మెరుస్తోంది. కలలో రంగులు ఇంత బాగా వస్తాయని నొయెలియా అనుకోలేదు. రాత్రి గౌనుతో, మొగుడి చెప్పులతో వాళ్ల ముందు నిలబడి కళ్లు ఎడమకీ కుడికీ, ఎడమకీ కుడికీ తిప్పింది.

"ఆరు," అని ప్రకటించింది. "ఈసారి ఆరొచ్చాయి."

ఎల్వీరా చేతిలోంచి అల్లిక సూదులు జారాయి. అక్క వైపు తిరిగింది. "గురువారం ఐదే అన్నావు కదే."

నొయెలియా బల్ల ఎక్కింది. "ఎగిరే ముందు ఒక మాట చెప్పాలి. అత్తయ్యా, నాకు ఎండుద్రాక్ష గిట్టదు. మాంసంలో తీపేమిటండీ? మూడు నెలలుగా ఏరి ఏరి మీ జెరేనియం కుండీలో పాతిపెడుతున్నాను. మీ చేతి పిండి దేవతల తిండి. దాని లోపల ఆ ముడతల గింజలు పెట్టి పాడు చేస్తున్నారు." చేతులు రెక్కల్లా చాచింది.

"పట్టుకోండి, కడుపుతో ఉన్న పిల్ల," అని కేక పెట్టింది ఎల్వీరా.

"ఎవరు?" అంది నొయెలియా ఆసక్తిగా. కలలు ఎంత వింతగా మలుపు తిరుగుతాయో చూడాలనిపించింది. గాలిలోకి దూకింది. గాలిలో ఎంతోసేపు ఉండలేదు. ఊలు బుట్టలో పడింది. మోకాలు చెక్కుకుపోయింది, మంట బాగానే తెలిసింది. అప్పుడే సాణవాడు పెరటి గేటులోంచి తల పెట్టి, "కత్తులున్నాయా అమ్మా?" అన్నాడు. అతని మెడలో పిల్లంగోవి వేలాడుతోంది.

నొయెలియా తన చెయ్యి చూసుకుంది. ఐదు.

రెండో చెయ్యి కూడా చూసుకుంది.

రమీరో ఆవులిస్తూ వచ్చాడు. "చేతిలో పట్టుకుని పడుకున్న నా చిటికెన వేలు వదిలేసి ఎటు పోయావు, నోయే?" అన్నాడు.

ఆ తర్వాత జరిగిన వివరణలో యాప్ ఉంది, ప్రొఫెసరు ఉన్నారు, ముక్కు ఉంది. కడుపు మాత్రం లేదని తేలింది. ఎల్వీరా సగం అల్లిన పసుపు మేజోడు తిప్పి తిప్పి చూసుకుంది. నేలిదా అంచుల బల్ల వైపు చూసింది, కుండీ వైపు చూసింది. నొయెలియాకి మోకాలి మంట కంటే ఆ చూపే ఎక్కువ మండింది.

"అంటే," అంది నేలిదా చివరికి, "నీకు ఇష్టం లేదు."

"లేదత్తయ్యా."

"నాకూ లేదు."

నేలిదా ఓరగా తన అత్తగారి వైపు చూసింది. "ముప్పై ఒక్క ఏళ్లుగా వేస్తున్నాను," అంది నేలిదా గొంతు తగ్గించి. "మా అత్తగారి పద్ధతని. నేను మానేస్తే ఆవిడ మనసు కష్టపడుతుందని."

వినపడదనుకున్న ముసలావిడ మాతే ఆకుల తేనీటి గిన్నె కింద పెట్టింది. "నీ పెళ్లయిన ఏడు మీ మామగారు ఎవరి దగ్గరో ఒక బస్తా ఎండుద్రాక్ష తెచ్చి పడేశాడు. పారెయ్యలేక వేశాను. ఆ ఏడే బస్తా అయిపోయింది. మీరంతా ఎందుకు కొని వేస్తున్నారా అని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఇష్టంగా తింటున్నారనుకున్నాను. అడిగితే బాగోదు కదా."

ఆ సాయంత్రం ఎంపనాదల్లో మాంసం ఉంది, ఉడికిన గుడ్డు ఉంది, ఉల్లిపాయ ఉంది. నొయెలియా అత్తగారి పక్కన కూర్చుని అంచులు అల్లింది. మొదటి పదీ వంకరగా వచ్చాయి, వాటిని రమీరో పళ్లెంలో వేశారు. ఫోనులో యాప్ ఆ రోజు ఫలితం చూపించింది: 'నిద్ర పన్నెండు నిమిషాలు. కల నమోదు కాలేదు.' ఎల్వీరా ఎనిమిది తిని, మేజోడు సంచిలో పెట్టుకుని, "ఎప్పటికైనా పనికొస్తుందిలే," అంటూ ఇంటికెళ్లింది.

గేటు మూసుకున్నాక నేలిదా పిండి చేతులు తుడుచుకుని కోడలి దగ్గరికి కుర్చీ లాక్కుంది.

"అయితే, కలలో ఏం మాటన్నా ఎవరూ తప్పు పట్టరన్నమాట."

"పట్టకూడదత్తయ్యా. అది నిద్ర కదా."

"నన్నూ అందులో చేర్పించు. ఎల్వీరా జుట్టు రంగు గురించి ఇరవై ఏళ్లుగా ఒక మాట ఉండిపోయింది. మెలకువగా ఉండి అనే మాట కాదు."

"దానికి ముందు వారంపాటు అలవాటు చేసుకోవాలండీ. ముక్కు, వేళ్లు..."

"అంత ఆగలేను," అంది నేలిదా. "రేపు నాలుగింటికి ఎల్వీరా వాకిట్లో ఊదమని సాణవాడికి ఇందాకే చెప్పేశాను. నువ్వు ఆ తలపట్టీ ఇస్తే చాలు."

ఆరో వేలు సంగతి తనే చూసుకుంటానంది.