నస్సోలో పళ్ల సందుకు అనుమతి

“ఆ సీసా మూత పంటితో తియ్యకే తల్లీ. పన్ను విరుగుతుంది. రేపు కానుకలతో వచ్చే పెళ్లికొడుకువాళ్లు పిల్లని మార్చేశారని ఆవుల్ని వెనక్కి తోలుకుపోతారు.”

నేనిలా అన్నప్పుడు మా అమ్మాయి నస్సోలో పకపకా నవ్వింది. మూత ఊడింది. పై వరసలో ముందు పన్ను సగం విరిగి సోడాలో పడింది.

అయినా బెంగపడనక్కర్లేదు. పన్ను మొలిపించడానికి దేవుడికి నెలలు పడతాయి గానీ, మా కంపాలాలో ఒక్క పూట చాలు. నోట్లో కెమెరా పెడతారు, తెర మీద పన్ను గీస్తారు, పక్కగదిలో మర పింగాణీ దిమ్మని చెక్కుతుంది. సాయంత్రానికి ఉడికించిన అరటికాయ మటోకే ముద్ద తినొచ్చన్నారు. (మెత్తటిదే ఎందుకు చెప్పారో నేనడగలేదు. అడిగితే ఇంకో భయం మొదలవుతుంది.)

చిక్కల్లా ఒక్కటే. మా పిల్లకి పై ముందుపళ్ల మధ్య సందుంది. మా ఆయన వంశంలో ఆడపిల్లలందరికీ ఉంటుంది. మా వైపు అందమంటే అదే. రేపు కానుకలిచ్చి పిల్లని అడిగే వేడుకలో పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి ఆ సందు మీదే పొగడ్తలు కట్టుకొస్తున్నాడు. మావాళ్లు అమ్మాయిల్ని గుంపులు గుంపులుగా ముందుకి తెచ్చి “వీళ్లలో ఉందా మీ పిల్ల?” అని అడిగినప్పుడు, వాళ్లు వెతికేదీ దాన్నే.

పళ్ల డాక్టర్ ముకీబి విరిగిన పన్నుని అరగదీసి, తెర మీద కొత్త పన్ను చూపించాడు. తెల్లగా, ముచ్చటగా ఉంది. సందు లేదు.

“సందేదయ్యా?” అంది నా ఆడపడుచు నలుబేగా. (పిల్లకి మేనత్త. మాలో పిల్లని అప్పగించే హక్కు మేనత్తది. తల్లికి ఏడ్చే హక్కుంటుంది.)

“మర మూసేసిందమ్మా. దాని లెక్కలో సందంటే లోపం.”

“మా అమ్మకీ, మా నాయనమ్మకీ లోపమా? ముందు దాని పళ్లు చూపించమను.”

డాక్టర్ తెర మీద వేలితో లాగి సందు తెరిచాడు. మర మూసింది. మళ్లీ తెరిచాడు. మళ్లీ మూసి, ఈసారి కారణం అడిగింది. జబ్బు, ప్రమాదం, చెడు అలవాటు. వీటిలో ఒకటి ఎంచుకోవాలి. అందం అనేది అందులో లేదు. ఇలాంటివి ఆ మర చేసిన కంపెనీలో చిరునవ్వుల ప్రమాణాల విభాగానికి వెళ్తాయట. ఎక్కడో మంచుదేశంలో కూర్చున్న ఉప పర్యవేక్షకుడుగారు ఫోన్లో ఎంతో మర్యాదగా మాట్లాడారు. సందు ఉండేదనడానికి ఒక్క ఫోటో చాలన్నారు.

గుర్తింపు కార్డు తీశాను. అందులో పిల్ల నోరు మూసుకుంది. (నవ్వితే ఫోటో చెల్లదు.) పాస్‌పోర్టులోనూ అంతే. పోనీ ఫోన్లో ఫోటోలు చూపిద్దామంటే, అందంగా దిద్దుతానని ఫోనే ప్రతి ఫోటోలోనూ సందు పూడ్చిపెట్టింది. నా కూతురికి సందుందని ఎక్కడా సాక్ష్యం లేదు. ఇన్నేళ్లూ నేనే ఊహించుకున్నానేమో.

“కాస్త లేవవే,” అని నస్సోలోని లేపి, నలుబేగా కుర్చీలో కూర్చుంది. “నా నోట్లో పెట్టు నీ కెమెరా. వంశం సాక్ష్యం చెబుతుంది.”

మర ఆమె నోరంతా చూసి, కొత్త రోగిగా చేర్చుకుని, సందు తీవ్రంగా ఉంది, ఇవాళే మూయించుకోవాలని సలహా ఇచ్చింది.

“ఈ మరకి పెళ్లయిందా నాయనా?”

“లేదమ్మా.”

“అదీ సంగతి.”

అయితే అదే లోపం వంశంలో ఇంకొకరికి కనబడితే అది సంప్రదాయం కిందికి వస్తుందని నియమముందట. పర్యవేక్షకుడుగారు పైవాళ్లని అడుగుతానన్నారు. ఈలోగా పెళ్లికొడుకు తల్లి నాకు ఫోన్ చేసింది. ఆవిడ గొంతు గదంతా వినిపిస్తుంది.

“పన్ను విరిగిందట కదా వదినగారూ? సందు మాత్రం ఉండాలి సుమండీ. మావాళ్లందరికీ చెప్పుకున్నాం.”

“ఉంటుందండీ, దాని కోసమే కూర్చున్నాం.”

“రేపొక్కరోజు అది కనబడేలా నవ్వమనండి. తర్వాత మా ఇంట్లో అంతంత నవ్వులుండవు లెండి.”

“అలాగేనండీ,” అన్నాను. (ఇంకేమనాలి?)

సందుకి అనుమతి వచ్చింది. నస్సోలో మళ్లీ కుర్చీలో కూర్చుంది. డాక్టర్ మీట నొక్కబోతే తెర మీద ఆఖరి ప్రశ్న వెలిగింది. పన్ను ఎంత గట్టిగా చెయ్యాలో తేల్చడానికి నవ్వు వాడకం చెప్పాలట. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ.

“ఇందులో అడగడానికేముంది? ఎక్కువ! పొద్దున లేచిన దగ్గర్నుంచీ నవ్వుతూనే ఉంటుంది,” అన్నాను.

“ఇప్పటిదాకా సంగతి కాదమ్మా. ఇకమీదట ఎంతని అడుగుతోంది.”

నేను నలుబేగా వైపు చూశాను. సంబంధం కుదర్చడానికి ఆ ఇంటికి వెళ్లొచ్చింది తనే. తను పైనున్న ఫ్యాన్ వైపు చూసింది. మంచుదేశంలో పర్యవేక్షకుడుగారు ఓపిగ్గా వేచి ఉన్నారు. మర కూడా వేచి ఉంది. పక్కగదిలో ఎవరో కుళాయి కట్టేశారు.

నస్సోలోని పొద్దున్నించీ ఎవరూ ఏమీ అడగలేదు. నోరు తెరిచి ఉంచడానికి పెట్టిన ప్లాస్టిక్ ముక్కని తనే బయటికి తీసి, చేతి వెనకవైపుతో మూతి తుడుచుకుంది.

“తక్కువ అని పెట్టండి డాక్టర్‌గారూ.”