వియ్యంకుడి తెల్ల ప్యాంటు

జూన్ మొదటి శనివారం నాడు థేన్ జెప్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి టర్కీ కోళ్ళకు మేత వెయ్యాలి. ఏడింటికి గడ్డం గీసుకోవాలి. తొమ్మిదిన్నరకు భార్యనూ కూతురినీ కారెక్కించుకుని బయల్దేరాలి. పదకొండింటికి కొండమీద మా క్రైస్తవ సంఘం ఆలయంలో కూతురు జనీల్ పెళ్ళి కళ్ళారా చూడాలి. ఇరవై రెండేళ్ళు పెంచిన పిల్ల, ఉన్నది ఒక్కతే. ఆ గదిలో తండ్రి కుర్చీ ఖాళీగా ఉండకూడదన్నది తప్ప అతనికి ఆ రోజు వేరే కోరిక లేదు.

కోళ్ళకు మేత వెయ్యడం దాకా పథకం చక్కగా నడిచింది.

ముందురోజు భార్య నెడ్రా పెళ్ళిబట్టల కుట్టుపనిలో తలమునకలుగా ఉంది. ఆలయంలో వేసుకునే బట్ట కాబట్టి మణికట్టు దాకా చేతులుండాలి, మెడ దాకా కప్పుండాలి, వెనక నేలమీద జీరాడే కుచ్చు ఉండకూడదు. ఆమెకు సాయం చేద్దామని థేన్ తన ఆలయం బట్టలు తానే ఉతుక్కున్నాడు. లోపలికి ఎవరు వెళ్ళినా పైనుంచి కింద దాకా తెలుపే వెయ్యాలి. పొద్దున బట్టలారబెట్టే మిషను తెరిస్తే చొక్కా తెల్లగానే ఉంది. ప్యాంటు మాత్రం పుచ్చకాయ ముక్కలా ఉంది. దాని కాలిలోంచి పొలంలో చెమట తుడుచుకునే ఎర్ర చేతిరుమాలు జారి కిందపడింది.

"ఏమండీ, మీ సంచీ సర్దుకున్నారా?" అని నెడ్రా వంటింట్లోంచి కేకేసింది.

"సర్దాను" అంటూ థేన్ ప్యాంటును మిషను వెనక్కి తోశాడు.

"సిఫారసు చీటీ?"

"జేబులో ఉంది."

అది నిజమే. అయితే తీసి చూసుకునేసరికి దానిమీద గడువు మే ముప్పై ఒకటి అని ఉంది. ఏటా బిషప్పూ, ఆయనపైన ఉండే అధ్యక్షుడూ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి సంతకాలు పెడితేనే, ఆలయంలోకి రానిచ్చే ఆ చీటీ చెల్లుతుంది. చెల్లని చీటీ పట్టుకొస్తే ఎంతటివాడైనా బయట పచ్చికలో బెంచీమీద కూర్చోవలసిందే. పెళ్ళికూతురి తండ్రి అయినా అంతే.

"తూము చూసొస్తాను" అని థేన్ ట్రక్కు తాళం తీసుకున్నాడు.

"పెళ్ళినాడు కూడా తూమేనా?"

"నీళ్ళకు పెళ్ళిళ్ళు తెలియవు కదా" అన్నాడతను. అది రెండో అబద్ధం.

బిషప్ వెర్ల్ మాడ్సన్ మొక్కజొన్న చేలో పార పట్టుకుని నీళ్ళు కడుతున్నాడు. మా లోయలో బిషప్పులకు జీతం ఉండదు. ఆరు రోజులు సేద్యం, ఏడో రోజు సంఘం. వెర్ల్ థేన్‌తో ఒకే బెంచీమీద చదువుకున్నవాడు, తాటిచెట్టంత పొడుగూ చీపురుపుల్లంత సన్నం. సంగతి విని, కూర్చోమని కాలువగట్టు చూపించాడు. బురద బూట్లతోనే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. దేవుడిమీద విశ్వాసం గురించి అడిగాడు, థేన్ చెప్పాడు. సంఘం వద్దనే మద్యం, పొగాకు, కాఫీ గురించి అడిగాడు, థేన్ చెప్పాడు. అలా సాఫీగా సాగి సాగి ఒకచోటికి వచ్చింది.

"తోటివాళ్ళతో వ్యవహారాల్లో నిజాయితీగా ఉంటున్నావా?"

పాతికేళ్ళుగా ఈ ప్రశ్నకు థేన్ భోజనానికి ముందు ప్రార్థన చెప్పినంత సులువుగా "ఉంటున్నాను" అని చెబుతూ వచ్చాడు. ఈ పొద్దున మాత్రం రెండు అబద్ధాలు ఇంకా నాలుకమీద పచ్చిగా ఉండడంతో ఆ మాట పెగల్లేదు. ప్యాంటు సంగతీ తూము సంగతీ చెప్పేశాడు. బిషప్ నవ్వాపుకుని, ఇంటికెళ్ళి నెడ్రాకు చెబితే చాలన్నాడు.

"ఇంకేమైనా ఉందా?"

థేన్ కాలువకేసి చూపించాడు. "గార్త్ వంతు నీళ్ళు" అన్నాడు.

గార్త్ లూమిస్ ఆ కాలువ చివరి రైతు. అంతకంటే ముఖ్యంగా, ఇవాళ్టి పెళ్ళికొడుకు డెవిన్ తండ్రి. కిందటి జులైలో గార్త్ వంతు నడుస్తుండగా థేన్ తన తూము పలక నాలుగు వేళ్ళు పైకెత్తి వదిలాడు, మూడు వారాలు. నీళ్ళు సరిగా రావడం లేదేమిటని గార్త్ అడిగితే, గట్టుకు ఎలుకలు కన్నాలు పెట్టాయని చెప్పాడు. ఆ ఏడు గార్త్ మేత పైరు సగం ఎండిపోయింది.

"ఎలుకలని చెప్పావా?" అన్నాడు బిషప్. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"నువ్వు నాకు చెప్పినమాటే కదా. అంతకుముందు ఏడు నా వంతులో నీళ్ళు తగ్గితే ఎలుకలేనన్నావు. నేను నమ్మాను. అందుకే ఆయనా నమ్ముతాడనుకున్నాను."

బిషప్ పార పక్కన పెట్టాడు. టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"థేన్, అవి ఎలుకలు కావు."

కాలువలో నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఇద్దరిలో ముందుగా నవ్వింది ఎవరో తరవాత ఇద్దరూ చెప్పలేకపోయారు. నవ్వడం అయ్యాక బిషప్ థేన్‌ను క్షమాపణ అడిగాడు, థేన్ క్షమించాడు. సంతకం పెట్టేముందు మాత్రం బిషప్ ఒక మాట గట్టిగా చెప్పాడు. "గార్త్‌కు నువ్వు చెప్పాలి. లోపలికి వెళ్ళాక కాదు, వెళ్ళేముందు."

"ఆయన కోపంతో పిల్లాణ్ణి తీసుకుపోతేనో?"

"అదీ నిజాయితీలో భాగమే" అన్నాడు బిషప్. అని, తానూ ట్రక్కెక్కాడు. తన మీద మచ్చ ఉండగా తాను పెట్టిన సంతకం చెల్లుతుందో లేదో అధ్యక్షుణ్ణి అడిగి తేల్చుకోవాలట.

అధ్యక్షుడు హెబర్ థోర్ప్ పశువుల డాక్టరు. ఆయన పొలం కాలువ మొదట్లో ఉంటుంది. వీళ్ళు వెళ్ళేసరికి ఒక ఆవుకు కష్టకాన్పు. ఆయన చెయ్యి మోచేతి దాకా ఆవు లోపలుంది. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలన్నది నియమం కాబట్టి ముందు థేన్ కొట్టంలోకి వెళ్ళాడు, ఆవును సాక్షిగా లెక్కవెయ్యలేదు. తరవాత బిషప్ వెళ్ళాడు. దూడ బయటపడింది కాని అధ్యక్షుడు మాత్రం బయటికి రాలేదు. తొట్టిదగ్గర నిలబడి చేతులు కడుగుతున్నాడు. సబ్బు అయిపోయేలా కడుగుతున్నాడు.

చివరికి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, "ఆ ఎలుకలను మొదట పుట్టించింది నేనే" అన్నాడు. ఆ తరవాతే సంతకం పెట్టాడు.

ఇక ప్యాంటు మిగిలింది, దానికోసం అధ్యక్షుడు కూడా ట్రక్కెక్కాడు. బిషప్ తెల్ల ప్యాంటు థేన్ మోకాళ్ళు దాటలేదు. అధ్యక్షుడిది మోకాళ్ళు దాటింది కాని నడుము దగ్గర జానెడు దూరంలో ఆగిపోయింది.

ఈలోగా పెళ్ళికూతురి తండ్రి, బిషప్, అధ్యక్షుడు ఒకే ట్రక్కులో మొహాలు వేలాడేసుకుని పోవడం రోడ్డుపక్క ఇంటావిడ ఒకామె కిటికీలోంచి చూసింది. తొమ్మిదింటికి పెళ్ళికి ఏదో అడ్డు వచ్చినట్టుందని ఆమె ఎవరికో ఫోను చేసింది. తొమ్మిదింబావుకు ఇంకొకరి ఫోనులో అది, పిల్లవాడి నడత బాగాలేదని మామగారే ఫిర్యాదు చేశాడని మారింది. తొమ్మిదిన్నరకు ఆ మాట పెళ్ళికొడుకు చెవిన పడింది. పాపం డెవిన్ కిందటేడు జనీల్‌ను సినిమానుంచి అరగంట ఆలస్యంగా దించిన సంగతి గుర్తుతెచ్చుకుని, క్షమాపణ చీటీ రాసి జేబులో పెట్టుకున్నాడు. నెడ్రాకు అప్పుడే మిషను వెనక గులాబీరంగు ప్యాంటు దొరికింది. దాంతో ఆమెకు మొగుడు సిగ్గుపడి ఎక్కడికో పోయాడని నమ్మకం కుదిరింది. ఆమే కారు నడుపుకుంటూ కూతురిని ఆలయానికి తీసుకొచ్చింది. జనీల్ మాత్రం కారు దిగలేదు. నాన్న లోపలికి రాకపోతే తానూ వెళ్ళనని తెల్లబట్టల్లో తలుపు బిగించుకుని కూర్చుంది.

పదీ ఇరవైకి ట్రక్కు వచ్చి ఆగింది. థేన్ దిగి, నెడ్రా నోరు తెరవకముందే ప్యాంటు మొదలు ఎలుకల దాకా అంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. నెడ్రా విని, తిట్టవలసినవాటిలో ఏది ముందు తిట్టాలో తేలక, ముందు ప్యాంటు సంగతి చూస్తానని లోపలికి పోయింది. అక్కడ బట్టలు అద్దెకిస్తారు. ఆ రోజు ఎనిమిది పెళ్ళిళ్ళు. మిగిలినవన్నీ నాజూకు పెళ్ళికొడుకుల కొలతలే అని తిరిగొచ్చింది.

గార్త్ పచ్చికలో బెంచీమీద కూర్చుని ఉన్నాడు. ఆయన సంఘంలో చేరలేదు. భార్య సంఘసభ్యురాలు, ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆమె చేతిసంచీ, ఇంకో ముగ్గురు చుట్టాల కోట్లు గార్త్ ఒళ్ళో ఉన్నాయి. పక్కన ఫ్లాస్కులో కాఫీ ఉంది. నిశ్చితార్థం భోజనాలనాడు వియ్యంకులిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, ఒకే గుడ్డ తాను కత్తిరించి కుట్టారని అందరూ నవ్వారు. నడుములు అంత సరిసమానం.

థేన్ వెళ్ళి ముందు నిలబడ్డాడు. "బావగారూ, మీకొక మాట చెప్పాలి. విన్నాక మీరు పెళ్ళి ఆపమన్నా నేను కాదనను."

చెప్పాడు. గార్త్ కాఫీ మూతలో పోసుకుని మెల్లగా తాగాడు.

"నాకు తెలుసు బావగారూ" అన్నాడు. "మీ తూము దగ్గరికి వెళ్ళి చూశాను. ఆ ఎలుక పన్నెండో నంబరు బూట్లు వేసుకుంది."

"మరి అడగలేదేం?"

"మావాడు రోజూ సాయంత్రం మీ ఇంటికే వచ్చేవాడు కదా, మీ అమ్మాయికోసం. కొడుకే అటు పోతున్నాడు, కాసిని నీళ్ళు పోతే ఏమైందిలే అనుకున్నాను." మూత విదిలించి ఫ్లాస్కుకు పెట్టాడు. "ఇరవై ఆరేళ్ళుగా మా ఆవిడ చేరమంటూనే ఉంది. ఈ పెళ్ళి కుదిరాక నేనూ అనుకున్నాను. కాని కాఫీ మానలేను. మానేశానని అబద్ధం చెబితే లోపలే ఉండేవాణ్ణి. అదీ చేతకాలేదు."

థేన్‌కు తన జేబులోని చీటీ ఇటుకంత బరువనిపించింది. లోపలికి వెళ్ళవలసినవాడు ఎవరు, బయట కూర్చోవలసినవాడు ఎవరు అన్న ఆలోచన ఒకటి వచ్చింది. బెంచీమీద కూలబడి, నాకూ లోపలికి వెళ్ళే యోగం లేదు బావగారూ, ప్యాంటు లేదని చెప్పాడు.

గార్త్ ఒళ్ళోని కోట్లన్నీ అతని ఒళ్ళోకి మార్చి, లేచి తన ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు. ఆయన పొద్దున పాల ఫ్యాక్టరీలో చీజ్ చేసే పని చేసి, మధ్యాహ్నం సేద్యం చేసుకుంటాడు. అక్కడ వేసుకునేవన్నీ తెల్లబట్టలే. ఉతికి ఇస్త్రీ చేసిన జత ఒకటి ఎప్పుడూ సీటు వెనక ఉంటుంది. ప్యాంటు తెచ్చి థేన్ చేతిలో పెట్టాడు.

"వేసుకోండి. నేను రాలేకపోయినా ఇదైనా వస్తుంది. ఒక్కటే అడుగుతాను. మావాడు ఎలా ఉన్నాడో చూసి చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

నాన్న చేతిలో తెల్ల ప్యాంటు చూశాక జనీల్ కారు దిగింది.

లోపల జరిగేది బయట చెప్పుకోవడం మావాళ్ళకు అలవాటు లేదు. ఇంతమాత్రం చెప్పవచ్చు. గదిలో అందరూ తెలుపే వేసుకున్నారు. అలా ఉంటే బిషప్పెవరో, పశువుల డాక్టరెవరో, ఎవరి పొలం కాలువ మొదట్లో ఉందో, ఎవరిది చివర ఉందో చూసి పోల్చుకోలేం. ప్యాంటు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఎంత ఉతికినా పోని చీజ్ వాసన ఒకటి సన్నగా తేలుతోంది.

"ఏమిటండీ ఈ వాసన?" అని నెడ్రా చెవిలో అడిగింది.

"బావగారిది" అన్నాడు థేన్. ఆ రోజుకు ఇక అబద్ధాలు లేవు.

జనీల్ ఎదురుగా మోకరిల్లిన డెవిన్ కూడా ముక్కు ఎగబీల్చాడు. చిన్నప్పటినుంచి ఎరిగిన వాసన. చప్పున తలెత్తి గదంతా వెతికాడు, తండ్రి ఎక్కడైనా ఉన్నాడేమోనని. థేన్ తన మోకాలిమీది గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని కాస్త ఎత్తి చూపించాడు. కుర్రవాడికి అర్థమైంది. కళ్ళు నిండాయి. ఆ తరవాత పెళ్ళికూతురివైపు తిరిగాడు.

బయటికి రాగానే థేన్ ఫోటోలకు నిలబడకుండా నేరుగా బెంచీ దగ్గరికి వెళ్ళాడు.

"మావాడు ఎలా ఉన్నాడు?" అని గార్త్ అడిగాడు.

"మీకోసం వెతికాడు" అన్నాడు థేన్.

గార్త్ తలూపాడు. తరవాత ఫ్లాస్కు తెరిచి, అలవాటున ఒక మూత కాఫీ థేన్‌వైపు చాపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

ఆ జులైలో అధ్యక్షుడు తన తూము వంతుకు మించి తెరవలేదు. బిషప్ తెరవలేదు. థేన్ తెరవలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి కాలువ చివరి పొలంలోకి నీళ్ళు నిండుగా వచ్చాయి. అది చూసి గార్త్ హడలిపోయి, ఈసారి నిజంగానే ఎలుకలు గట్టుకు కన్నం పెట్టాయని పార తీసుకుని పరిగెత్తుకొచ్చాడు.