ముప్పై శాతం వాన

ఆదివారం కూర్చుని లెక్క తేల్చాలని గోపాలకృష్ణ వారం నుంచీ అనుకుంటున్నాడు. పొద్దున్నే తేల్చేశాడు. నలభై రోజులుగా సెల్‌ఫోను చెబుతున్న వాననూ, నూజివీడులో నిజంగా పడిన వాననూ పక్కపక్కన రాసుకున్నాడు. ఒక జోస్యం విన్నాక మనకు కొత్తగా ఎంత తెలిసిందో కొలిచే శాస్త్రం ఆయన కాలేజీలో చెప్పే పాఠం. ఆ కొలత పేరు బిట్. ఫోను రోజూ "వాన యాభై శాతం" అనే అంది. రోజూ ఒకే మాట చెబితే కొత్తగా తెలిసేదేముంది? సున్నా బిట్లు.

సంతోషం పంచుకుందామంటే మనిషి లేడు. ఈ ఊరొచ్చి పదకొండు నెలలైనా ఆయన మేడమెట్లు ఎక్కింది గ్యాస్ బండ తెచ్చే మనిషి ఒక్కడే. కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు సీతారావమ్మ తన మామిడితోటకు బయల్దేరుతుంటే ఆపాడు.

"అండీ, వాన గురించి ఫోనులో సమాచారం సున్నా అండీ!"

"వాన లేదంటారా? బతికించారు. కోసిన కాయ మీద బరకం కప్పక్కర్లేదు."

ఆయన నోరు తెరిచేలోపు ఆవిడ వెళ్ళిపోయింది. పోతూ పోతూ తోటలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది: "మేడ మీది సారు లెక్కేశారు. వాన లేదు."

తొమ్మిదింటికి జల్లు పడింది. రాశులు పోసిన బంగినపల్లి కాయలన్నీ తడిశాయి.

పదింటికి మెట్ల మీద పన్నెండుమంది. తిట్టడానికే వచ్చారని తెలిసినా గోపాలకృష్ణ గబగబా చాప పరిచి టీ పెట్టాడు. ఇంటినిండా మనుషుల గొంతులు వినిపిస్తుంటే కంగారులో చక్కెర రెండుసార్లు వేశాడు.

"టీ సంగతి తర్వాతండీ. మధ్యాహ్నం వానొస్తుందా, రాదా?" అన్నాడు తోట కౌలుకు చేసే నాగరాజు.

"ముప్పై శాతం అనుకోండి."

"అంటే ఏంటండీ?"

"పదిసార్లలో మూడుసార్లు పడుతుంది."

"ఇవాళే మూడుసార్లా!"

"కాదండీ, ఇలాంటి రోజులు పది ఉంటే..." అంటుండగానే మెట్లు ఖాళీ అయ్యాయి. అందరూ కోత ఆపేసి, కూలీలను పంపేసి, బరకాల కింద కూర్చుని ఆకాశం చూశారు. సాయంత్రం దాకా ఎండ మాడ్చేసింది.

మళ్ళీ మెట్ల మీద అడుగుల చప్పుడు. ఇల్లు ఖాళీ చేయమంటారని గోపాలకృష్ణ అప్పటికే బట్టలు సర్దుకుంటున్నాడు.

"రేపటి సంగతి చెప్పండి," అంది సీతారావమ్మ.

"ఇంకా నన్నే అడుగుతారేంటండీ? రెండుసార్లూ తప్పిందిగా!"

"అందుకేనండీ. మీరు లేదంటే వచ్చింది, వస్తుందంటే రాలేదు. మీ మాట తిరగేసి చేస్తే సరిపోద్ది."

గోపాలకృష్ణకు కళ్ళు చెమర్చాయి. ఎప్పుడూ ఒప్పే చెప్పేవాడి దగ్గర ఎంత సమాచారముంటుందో, ఎప్పుడూ తప్పే చెప్పేవాడి దగ్గరా అంతే ఉంటుంది. ఇరవయ్యేళ్ళలో ఏ విద్యార్థికీ ఎక్కని పాఠం అది.

మర్నాటి నుంచి పొద్దున్నే జనం రాసాగారు. టీ తాగుతారు, కాసేపు నవ్వుతారు, జోస్యం అడిగి వెళతారు. ఎక్కడ రావడం మానేస్తారోనని ఆయన ముందే లేచి జాగ్రత్తగా లెక్క కట్టి, వచ్చిన జవాబుకు సరిగ్గా వ్యతిరేకం చెబుతున్నాడు.

అప్పుడప్పుడు లెక్క తప్పి, ఆయన చెప్పినట్టే జరుగుతుంది. మర్నాడు టీకి ఎవరూ రారు.