మూడోసారి వంట

ఆ ఆదివారం పొద్దున అమూల్య పెట్టుకున్న పని ఒక్కటే. కొత్త ప్రోగ్రామింగ్ భాష ఒకదాన్ని తను వాడే లినక్స్‌కి ప్యాకేజీగా కట్టి సాయంత్రంలోగా పంపాలి. ఆ లినక్స్ పరిశీలకులు ఒప్పుకుంటే కలకత్తా సాల్ట్ లేక్‌లోని ఒక ఆఫీసు ఉద్యోగమిస్తానంది. ఆ లినక్స్‌లో ఏ ప్రోగ్రామూ వండి వడ్డించరు. ప్యాకేజీ అంటే వంట ఎలా చేయాలో రాసిన కాగితం. వంట ఎవరి కంప్యూటర్లో వాళ్లదే. అమూల్య కాగితం సిద్ధం. ఒక్కసారి వండి చూస్తే చాలు, గంటన్నర.

హౌరా దగ్గర టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో నాలుగు రోజులుగా ముసురు. వంట మొదలై కంప్యూటర్ వెనక నుంచి వేడిగాలి కొడుతుంటే నానమ్మ సన్యాసమ్మ తడి వడియాల పళ్లెం తెచ్చి అక్కడ పెట్టింది.

"నానమ్మా, అది కంప్యూటరే!"

"దాని మీద పెట్టానేటే? ఎనకాల పెట్టాను. ఆ గాలి ఊరికే పోతంది గదా."

తాతయ్య పోయాక ఆమె వడియాలు పెట్టడం అదే మొదలు. అమూల్య వద్దనలేకపోయింది.

వంట చక్కగా పూర్తయింది. అమూల్య స్నానం చేసి వచ్చేసరికి కంప్యూటర్ మళ్లీ రొద పెడుతోంది. పక్కింటి శేషమ్మ అప్పడాల చాటతో కూర్చుని ఉంది.

"సల్లారిపోనాదని నువ్వు రోజూ నొక్కే రెండు మీటలూ నొక్కినాను," అంది సన్యాసమ్మ.

అదీ పూర్తయింది. ఈలోగా పై వాటా నరసయ్య తడి యూనిఫాం చొక్కాతో దిగాడు. "రేపు డ్యూటీకి ఇదొక్కటే, పాపా. ఇంకొక్క తిప్పు తిప్పమ్మా."

మూడోసారి సగంలో తెరంతా ఎర్రటి అక్షరాలు. వంట ఆగిపోయింది.

"మా అప్పడాల తడి తగిలుంటాది," అంది శేషమ్మ. నరసయ్య చొక్కా వీపు వెనక దాచుకున్నాడు.

అమూల్య కళ్లు తుడుచుకుని ఆ అక్షరాలు చదివింది. తప్పు తడిది కాదు, తొందరది. కంప్యూటర్ నాలుగు పనులు ఒకేసారి మొదలుపెడితే, ఒకటి పూర్తికాకముందే రెండోది దాని కోసం చెయ్యి చాపుతోంది. అదీ ఎప్పుడో ఒకసారి. మొదటి వంటతోనే పంపి ఉంటే ఆ తప్పు పరిశీలకుల దగ్గర బయటపడి, ప్యాకేజీ తిరిగొచ్చేది.

ఆ భాగం వరసగా చెయ్యాలని కాగితంలో ఒక వాక్యం చేర్చి, సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ వండింది. వాటాలన్నిటి బట్టలూ ఆరాయి.

రాత్రి పొద్దుపోయాక పరిశీలకుల జవాబు వచ్చింది. "ఇంతకుముందు ఇద్దరు పంపినవి మా దగ్గర అప్పుడప్పుడూ ఆగిపోయేవి. మీది ఆగలేదు, తీసుకున్నాం. ఎవరెవరు పరీక్షించారు?"

అమూల్య నిజాయితీగా ముగ్గురి పేర్లూ రాసింది.

మర్నాడు ఆఫీసువాళ్లు ఆ పేర్లు చూసి, ఉద్యోగం ఖాయమని చెప్పి, ఆ పరీక్షల బృందం కూడా సాల్ట్ లేక్‌కి రాగలదా అని అడిగారు.