తర్వాతి తనిఖీ తేదీ

లిఫ్టుల ఇన్‌స్పెక్టరు గారు ఆ ఉదయం ఆరింటికల్లా తన పథకాన్ని మూడోసారి మనసులో సరిచూసుకున్నారు. పథకంలో మూడు అబద్ధాలున్నాయి. భార్యకి, పక్క ఊళ్ళో లిఫ్టులు తనిఖీ చేయడానికి వెళుతున్నానని. ఆఫీసుకి, భార్యకి ఒంట్లో బాగాలేదు కనుక సెలవు కావాలని. క్లినిక్కుకి తోడు రమ్మని తాను పిలిచిన బావమరిదికి, ఇది మామూలు కడుపు స్కానింగేనని, మీ అక్క చెవిన మాత్రం వేయొద్దని. మూడూ ఒకదానికొకటి తగలకుండా ఒక్క పూట గడిస్తే చాలు. ముప్పై ఏళ్ళుగా తాళ్ళూ బ్రేకులూ పరీక్షించి సంతకాలు పెట్టిన మనిషికి మూడు అబద్ధాల్ని నిలబెట్టడం ఓ లెక్కా అనుకున్నారు.

అసలు సంగతి నాలుగున్నరేళ్ళ నాటిది. అప్పట్లో ఆయన పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసిన డాక్టరుకి లోపలి గోడ మీద రెండు బుడిపెలు కనిపించాయి. అక్కడికక్కడే తీసేశాడు. "పాలిప్‌లంటారు వీటిని. క్యాన్సర్ కాదు. కానీ వదిలేస్తే కొన్నేళ్ళకి అటు తిరిగే రకం. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. మూడేళ్ళకి తప్పకుండా రండి," అన్నాడు.

మూడేళ్ళూ అయ్యాయి. ఇన్‌స్పెక్టరు గారు ఆ డాక్టరు క్లినిక్కు ఉన్న వీధి మలుపు దాకా వెళ్ళారు. అక్కడినుంచే వెనక్కి తిరిగారు. పార్కు బెంచీ మీద రెండు గంటలు కూర్చుని ఇంటికొచ్చి, "అయిపోయింది. అంతా శుభ్రం," అని భార్యతో చెప్పేశారు. ఇతరుల లిఫ్టుకి ఒక్కరోజు గడువు దాటితే తాళం వేయించే మనిషి ఈయన! ఆఫీసులో వెనకాల అందరూ ఆయన్ని 'గడువు గారు' అనేవారు.

కిందటి నెల ఆఫీసు అడ్రసుకి క్లినిక్కు నుంచి ఉత్తరం వచ్చింది. 'మీ పరీక్ష గడువు దాటి పద్దెనిమిది నెలలయింది.' అంతే, ఒకే వాక్యం. ఆనాటి నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదు. కడుపులో ఏ చిన్న గడబిడ జరిగినా, అదిగో, పెరుగుతోంది అనిపించేది. భయపడి పరీక్ష ఎగ్గొట్టిన మనిషి, అంతకన్నా పెద్ద భయం పుట్టి పరీక్షకి సిద్ధపడ్డారు. భార్యకి చెబుదామంటే పాత అబద్ధం అడ్డం పడింది.

"మొహం అలా పీక్కుపోయిందేమిటండీ?" ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

నిన్న సాయంత్రం ఒక సీసా, ఈ తెల్లవారుజామున ఒక సీసా, పేగు కడిగే మందునీళ్ళు దొంగచాటుగా తాగి బాత్రూముకి పదహారుసార్లు తిరిగిన మొహం అది.

"బయట ఏదో తిన్నాను. పడలేదు."

"అయితే ఈ మాత్ర వేసుకోండి. ఠక్కున కట్టేస్తుంది."

ఇన్‌స్పెక్టరు గారి గుండెల్లో రాయి పడింది. పేగు ఖాళీ కాకపోతే పరీక్షే లేదు. ఆవిడ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఆయన మాత్రని నాలుక కింద దాచి, నీళ్ళు తాగి, బాల్కనీలోకి నడిచి పూలకుండీలో ఉమ్మేశారు. తిరిగొచ్చేసరికి బల్ల మీద పళ్ళెం నిండా టిఫిను.

"ప్రయాణం కదా, తిని వెళ్ళండి," అని ఆవిడ స్నానానికి వెళ్ళింది.

పళ్ళెంలోదంతా ఒక డబ్బాలోకి దులిపి, ఆ డబ్బాని పనిముట్ల సంచిలో కుక్కి, చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన ఇంట్లోంచి బయటపడ్డారు.

క్లినిక్కు నాలుగో అంతస్తులో ఉంది. ఆయనకి మెట్లెక్కే ఓపిక లేదు. లిఫ్టులో చేతికర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ మాత్రమే ఉంది. మూడో అంతస్తు దాటగానే లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. లైటు సగానికి తగ్గింది.

"ఏమైంది నాయనా?"

"భయం లేదమ్మా. తాడు తెగదు. ఒకటి తెగినా ఇంకో మూడుంటాయి. అన్నీ తెగినా బ్రేకు పట్టేస్తుంది."

"తాళ్ళు తెగడం గురించి నేనడిగానా?" అంది ముసలమ్మ, కర్రని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటూ.

అప్పుడే కడుపులో ఏదో కదిలింది. తెల్లవారుజామున తాగిన సీసా పని ఇంకా మిగిలే ఉంది. ఇన్‌స్పెక్టరు గారు గోడకి ఆనుకుని పళ్ళు బిగించారు. గంట నొక్కితే పైనుంచి ఎవరో అరిచారు. "లిఫ్టుల ఆఫీసుకి ఫోన్ చేశామండీ! మనిషి బయల్దేరాడు. పావుగంట!"

లిఫ్టుల ఆఫీసంటే తన ఆఫీసే. ఆయనకి చెమటలు పట్టాయి. పావుగంట అన్న మాటకి కడుపు కూడా ఒప్పుకోవడం లేదు.

ముసలమ్మ కళ్ళజోడు తగిలించుకుని గోడ మీది కార్డు చదవసాగింది. "తర్వాతి తనిఖీ తేదీ... ఇది పోయి నలభై రోజులైంది కదయ్యా! ఈ సంతకం పెట్టినవాడు ఎక్కడున్నాడో?"

"ఇక్కడే... ఎక్కడో ఉంటాడమ్మా."

ఆ సంతకం ఆయనదే. ఈ మేడ తనిఖీని మూడుసార్లు వాయిదా వేసిందీ ఆయనే. లోపలికి వస్తే క్లినిక్కువాళ్ళు గుర్తుపట్టి 'మీ పరీక్ష ఎప్పుడండీ?' అంటారన్న భయంతో.

"ఒక్కసారి వచ్చి చూసుకుపోవడానికి ఏం రోగం వాడికి?" అంది ముసలమ్మ.

ఆయన కార్డుకి అడ్డంగా నిలబడ్డారు. ఫోను మోగింది. భార్య!

"ఎక్కడిదాకా వెళ్ళారండీ?"

"బస్సులో ఉన్నాను. దారిలో ఆగింది."

"నాలుగో అంతస్తు దాకానైనా లాగమను నాయనా!" ముసలమ్మ కేక పెట్టింది.

"బస్సుకి నాలుగో అంతస్తేమిటండీ?"

"సిగ్నల్ సరిగ్గా లేదు!" అని ఆయన ఫోను పెట్టేశారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టుకున్నారు. ఎనభై ఏడు దగ్గర ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆఫీసు మెకానిక్కు.

"సార్, మేడమ్‌కి ఎలా ఉంది? సెలవు రోజున ఇబ్బంది పెడుతున్నాను. క్లినిక్కు లిఫ్టు ఇరుక్కుంది. లోపల ఎవరో ఉన్నారు. పైకి తిప్పమంటారా, కిందికి తిప్పమంటారా?"

"పైకి! మోటారు గదిలో బ్రేకు వదిలి చక్రం చేత్తో తిప్పించు! త్వరగా!"



"సార్... మీ మాట రెండుసార్లు వినపడుతోంది. ఫోనులో ఒకసారి, తలుపు వెనకనుంచి ఒకసారి."

లిఫ్టు అంగుళం అంగుళం పైకి కదిలింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా నోరు తెరుచుకుని మెకానిక్కు.

"సార్! మీరా? మరి మేడమ్‌కి ఒంట్లో..."

"మేడమ్‌కి బాగానే ఉంది," అంది అతని వెనకనుంచి ఒక గొంతు. బావమరిది ఉండాల్సిన చోట భార్య నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరు గారి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన ఏదో చెప్పబోయారు. ఆవిడ చెయ్యెత్తి చూపించింది. "కుడివైపు రెండో తలుపు. ముందు అటు వెళ్ళండి. మిగతాది తర్వాత."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ ఉత్తర్వునీ ఆయన అంత వేగంగా అమలు చేయలేదు.

మత్తు వదిలి కళ్ళు తెరిచేసరికి భార్య మంచం పక్కన కుర్చీలో ఉంది. డాక్టరు కాగితాలు చూస్తూ నిలబడ్డాడు.

"ఒకటి దొరికింది. పోయినసారి కన్నా పెద్దది. పూర్తిగా తీసేశాను, ల్యాబుకి పంపుతున్నాను. వారానికి ఫలితం వస్తుంది, అప్పటిదాకా ఏమీ చెప్పలేను. మీరు ఏడాదిన్నర ముందే వచ్చుంటే ఈ వారం రోజులు మీకు ఇంత బరువుండేవి కావు."

డాక్టరు తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగారు ఇన్‌స్పెక్టరు గారు.

"ఆ రోజే. పరీక్షకని వెళ్ళిన మనిషి పొద్దున్నే రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. ఖాళీ కడుపుతో వెళ్ళాలని నాకు తెలీదనుకున్నారా?"

"అడగొచ్చుగా?"

"అడిగితే దాన్ని కప్పడానికి ఇంకోటి చెప్పేవారు. మీరే చెబుతారని చూశాను. ఏడాదిన్నర! మీ కంచంలో వడ్డించినప్పుడల్లా, ఈ మనిషి లోపల ఏం పెరుగుతోందో అని..." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ ఉత్తరం నేనే వేయించాను. ఆఫీసుకి పంపమన్నాను. అక్కడైతే గడువన్న మాటకి కాస్త విలువుంటుందని."

"మరి ఆ మాత్ర?"

"చప్పరించే విటమిను. పూలకుండీకేం నష్టం లేదు."

"టిఫిను?"

"తింటే మళ్ళీ ఎగ్గొడుతున్నారని అర్థం. స్నానం చేసి వచ్చి చూస్తే అరలో డబ్బా ఒకటి తక్కువైంది. అప్పుడు బయల్దేరాను. ఇక మా తమ్ముడంటారా, మీరు ఫోను పెట్టేసిన మరుక్షణం నాకు చేశాడు."

ఇన్‌స్పెక్టరు గారు కప్పు వైపు చూస్తూ, "భయమేసిందే," అన్నారు. ఏడాదిన్నరలో ఆవిడతో ఆయన పలికిన మొదటి నిజం అదే.

"నాకూ వేసింది," అని ఆవిడ పనిముట్ల సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. "ఇప్పుడు తినండి."

మర్నాడు ఆయన ఆ లిఫ్టుకి తాళం వేయించి, ఆలస్యానికి కారకుడి పేరు రాయాల్సిన చోట తన పేరే రాసుకున్నారు. వారం రోజులు ఇద్దరూ ఫోను మోగితే ఉలిక్కిపడ్డారు. ఎనిమిదో రోజున డాక్టరే చేశాడు. క్యాన్సర్ కాదు. అటు తిరగడం మొదలుపెట్టిన బుడిపె, తిరగకముందే దొరికింది. మూడేళ్ళకి మళ్ళీ రావాలి. ఇన్‌స్పెక్టరు గారు ఫోను పట్టుకునే కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ ఏడవలేదు, ఆయన పనిముట్ల సంచిలో ఏదో వెతకసాగింది.

ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడితే, అద్దం మూలన లిఫ్టుల్లో తగిలించే ఆయన ఆఫీసు కార్డే ఒకటి అంటించి ఉంది. తర్వాతి తనిఖీ తేదీ, సరిగ్గా మూడేళ్ళకి. ఇన్‌స్పెక్టరు సంతకం ఉండాల్సిన చోట ఆవిడ సంతకం ఉంది.