సీటు పట్టిన ఫోను

మేనమామ కంటే స్మార్ట్‌ఫోన్ మేలు! తొందరపడి కొట్టడానికి రాకండి. ముందు రాజపాళయం రఘురామ సంగతి వినండి. ఆ తర్వాత మీ ఇంట్లో శుభకార్యానికి ఎవరిని పిలవాలో మీరే తేల్చుకోండి.

రఘురామకు నలభై ఆరేళ్ళు. సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే చోట సూపర్‌వైజర్. ఫోన్ కొన్నప్పటి నుంచి ఆయన జీవితం ఎంత తేలికైందంటే, ఒంటిమీది బట్టలు తప్ప ఇంకేమీ మొయ్యడు. గడియారం తీసేశాడు. పర్సు మానేశాడు. టార్చిలైటు, డైరీ, గొడుగు అన్నీ అటకెక్కాయి. గొడుగెందుకు? వాన వస్తుందో రాదో ఫోన్ చెబుతుందిగా! వస్తుందని చెప్పిన రోజు తడుస్తాడు. కానీ తెలిసి తడుస్తాడు. ఏమీ తెలియకుండా తడిసే వాళ్ళకూ ఆయనకూ ఆ మాత్రం తేడా లేదా?

చివరికి భుజమ్మీది తుండుగుడ్డ కూడా వదిలేశాడు.

ఆ ఆదివారం తళవాయిపురంలో ఆయన చెల్లెలు జయప్రియ కూతురికి చెవులు కుట్టే వేడుక. పాప పేరు మీరా, మూడేళ్ళు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటేనే ఆసారి, అంటే కంసాలి, చెవిలో సూది దించుతాడు. ముహూర్తం పదిన్నరకు. పాపకు పుట్టువెంట్రుకలు తీసినప్పుడూ రఘురామ ఆలస్యంగానే వెళ్ళాడు. అందుకే జయప్రియ ముందురోజే ఫోన్ చేసి చెప్పేసింది.

"అన్నా, రేపు నువ్వు లేటుగా వస్తే మా మరిది ఒళ్ళో కూచోపెట్టేస్తాను. మళ్ళ నువ్వు మా గడప తొక్కొద్దు, ఆమా, చెప్పేసినా!"

తొమ్మిదిన్నరకు రాజపాళయం బస్టాండులోకి తళవాయిపురం టౌనుబస్సు వచ్చింది. దిగేవాళ్ళు దిగకముందే అంతకు రెండింతల జనం కిటికీల కింద మూగారు. ఇక్కడ సీటు పట్టడానికి చట్టం ఒకటే. కిటికీలోంచి తుండుగుడ్డ వేస్తే ఆ సీటు మీది. కలెక్టరు వచ్చినా అందులో కూర్చోడు. రఘురామ చెయ్యి భుజం మీదికి పోయింది. తుండు లేదు. చేతిలో ఉన్నదల్లా ఫోన్. అందులో తళవాయిపురానికి మ్యాప్ కూడా పెట్టుకుని ఉన్నాడు. రెండొందలసార్లు వెళ్ళిన దారే. అయినా అందులోని ఆవిడ చెబితే అదో ధైర్యం!

ఇంకేం ఆలోచించలేదు. కిటికీలోంచి ఫోన్‌ను సీటు మీదికి వేసేశాడు.

సీటు దొరికిన మనిషికి తొందరేముంటుంది? తలుపు దగ్గర జనం వెనక నిదానంగా నిలబడ్డాడు. రెండు నిమిషాలు ఊరికే ఉండటమెందుకు, ఫోన్ చూద్దామని జేబు తడుముకున్నాడు.

ఫోన్ లేదు!

ఇందాక టీ తాగిన కన్నుసామి కొట్లో మరిచిపోయాననుకుని వెనక్కి పరుగెత్తాడు. బెంచీ కింద దూరి వెతుకుతుండగా బస్సు వెళ్ళిపోయింది.

"ఏమి వెతుకుతా ఉండావన్నా?" అన్నాడు కన్నుసామి.

"ఫోనప్పా!"

"ఇప్పుడే కదా బస్సులో ఏసినావు! నేను చూస్తానే ఉండాను."

రఘురామకు తన నంబరు తనకే గుర్తులేదు. అయితే రోజూ తెల్లవారగానే గులాబీ బొమ్మతో గుడ్‌మార్నింగ్ పంపే మనిషి కనుక, కన్నుసామి ఫోన్‌లో ఆ నంబరు 'రోజాపువ్వు' అనే పేరుతో ఉంది. కొడితే ఎవరో ముసలావిడ ఎత్తింది.

"ఎవురప్పా?"

"అవ్వా, అది నా ఫోను! నేను బస్సు ఎక్కలే!"

"ఫోను ఎక్కింది కదా, నీకేమొచ్చె? నేను తళవాయిపురం బొమ్మక్కను. నీ ఫోను జన్నల్ పక్కన సుకంగా కూచొని ఉంది. నేనే నిలబడి ఉండాను."

"మీరు కూచోండవ్వా!"

"అదెట్ట? సీటు పట్టింది అది కదా!"

ఇంతలో కండక్టర్ పేచ్చిముత్తు గొంతు వినిపించింది. "ఈ సీటుకి టికెట్ ఎవురు తీసేది?"

అదే సమయానికి మ్యాప్‌లోని ఆవిడ "రెండు వందల మీటర్లలో కుడివైపు తిరగండి" అంది.

"వింటివా? ఆడదాని గొంతప్పా. ఆడవాళ్ళకు టౌనుబస్సు ఫ్రీ. ఇయ్యి టికెట్టు," అని తీర్పు చెప్పింది బొమ్మక్క. పేచ్చిముత్తు కాసేపు ఆలోచించి ఇచ్చేశాడు.

మీరే చెప్పండి! కిటికీ పక్క సీటూ, ఉచిత టికెట్టూ, పక్కన కాపలా నిలబడే పెద్దావిడా ఏ మేనమామకు దొరికారు?

"అవ్వా, దాన్ని జయప్రియ ఇంట్లో ఇచ్చేయండి. చెవులు కుట్టే ఇల్లు! నేను ఎనకాలే వస్తానని చెప్పండి!"

తర్వాతి బస్సు గంటకు గానీ రాలేదు. డబ్బులు కూడా ఫోన్‌తోనే పోయాయి కనుక, కన్నుసామి చేతిలో పెట్టిన చార్జీతో, దారంతా నిలబడి, రఘురామ చేరేసరికి పదకొండున్నర.

అప్పటికి రెండు చెవులూ కుట్టేశారు.

జరిగిందేమిటంటే, మరిది ఒళ్ళో కూర్చోబెడితే మీరా ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది. సరిగ్గా అప్పుడే బొమ్మక్క ఫోన్ తెచ్చి ఇచ్చింది. దాన్ని పాప చేతికిచ్చారు. వేలితో పైకి జరిపి తానే తెరిచింది. కార్టూన్ పెట్టుకుంది. ఆసారి ఒక చెవి కుట్టాడు, రెండోదీ కుట్టాడు. పాప రెప్ప వెయ్యలేదు! ఇలాంటి మామ ఏ ఊళ్ళో ఉన్నాడని అందరూ మురిసిపోయి, ఫోన్‌కు గంధం రాసి, బొట్టు పెట్టి, మామ కోసం తీసిన కొత్త పంచె దాని పక్కన పెట్టారు.

"కోపమొచ్చిందా అమ్మా?" అన్నాడు రఘురామ రొప్పుతూ.

"కోపమెందుకన్నా?" అని నవ్వింది జయప్రియ. "నువ్వు వచ్చినప్పుడంతా తల వంచుకొని ఫోన్ చూస్తానే కూచుంటావు. ఈ తూరి ఫోన్ మాత్రం వచ్చింది. మాకు పెద్ద తేడా తెలీలే."

ఆ రోజు ఆ ఇంట్లో నొప్పి తెలిసింది ఆయనొక్కడికే.

ఇప్పుడైనా మామ అనిపించుకుందామని మీరా ముందు కూర్చుని చేతులు చాచాడు. "కన్నూ, మామ వచ్చినాడు చూడు. ఆ ఫోను పెట్టేసి ఒళ్ళోకి రా."

మీరా తలెత్తింది. ఆ పాప ఇన్నాళ్ళూ చూసింది మామ నడినెత్తినీ, ఫోన్ వీపునూ. ఈ ముఖం కొత్త. ఎవడో మామను ఎత్తుకుపోవడానికి వచ్చాడనుకుని ఫోన్‌ను గుండెకు అదుముకుంది. సూది దిగినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"ఎవురమ్మా ఈ మనిషి?" సామాను సర్దుకుంటున్న ఆసారి కసిరాడు. "మంచిగా ఉండే పాపను ఏడిపిస్తా ఉండాడు!"

"నేను దాని మేనమామను!"

"మామ పదిన్నరకే వచ్చేసినాడు కదా," అని ఆసారి గంధం పూసిన ఫోన్ వైపు చూపించాడు.

రఘురామకు రోషం వచ్చింది. రుజువు చూపిద్దామనుకున్నాడు. ఆధార్ కార్డుంది. చెల్లెలి పెళ్ళిలో పక్కన నిలబడి దిగిన ఫోటోలున్నాయి. అన్నీ భద్రంగా ఉన్నాయి, మీరా చేతుల్లో.