నోరు తీపి

ఆటో మీద కట్టిన మైకు మొగల్తూరు వీధుల్లో ఇలా ప్రకటించింది.

"మహాజనులారా! ప్రత్యేక అవసరాలు గల చిన్నారుల పంటి కష్టాలకు ఇక చెల్లుచీటీ! మన ప్రియతమ శాసనసభ్యులు, ఆపద్బాంధవులు, దంత భగీరథులు శ్రీ భీమరాజు గారి అమృత హస్తాల మీదుగా, పాలగుమ్మిలంక పెద్దాసుపత్రిలో, ప్రపంచంలోనే..." ఇక్కడ మైకు పట్టుకున్నాయన కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. "...మన నియోజకవర్గంలోనే మొట్టమొదటి ప్రత్యేక దంత విభాగం, ఈ కార్తీక సోమవారం ప్రారంభం! బాజాభజంత్రీలు కలవు! బాణసంచా కలదు!"

భగీరథుడికీ పళ్లకీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు. గోదావరి నీళ్లు తాగేవాళ్లకి ఆ బిరుదు ఎవరికి తగిలించినా అతికినట్టే ఉంటుంది.

కుట్టుమిషను ముందు కూర్చున్న సత్యకుమారి అంతా విన్నది. విభాగం అన్నమాట వినగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. బాణసంచా అన్నమాట వినగానే మళ్లీ కూలబడింది. ఆమె కూతురు సుప్రజకి తొమ్మిదేళ్లు. మాటలు రాలేదు. పక్కింటివాళ్లు మిక్సీ వేస్తే చాలు, రెండు చేతులతో చెవులు మూసుకుని మంచం కిందకి దూరిపోతుంది. ఆ పిల్లకి కింద దవడ పన్ను పుచ్చింది. నొప్పి అని చెప్పడం రాదు కాబట్టి, చెంప మీద పిడికిలితో కొట్టుకుంటుంది. అన్నం ముద్ద చూస్తే మొహం తిప్పుకుంటుంది. కన్నతల్లి కళ్లెదుట పిల్ల తనని తాను కొట్టుకుంటుంటే ఆ ఇంట్లో ఎవరికి ముద్ద దిగుతుంది?

తిరగని డాక్టరు లేడు. ఒకాయన, పెద్దయ్యాక తీసుకురండి అన్నాడు. ఇంకొకాయన నలుగురి చేత పట్టించి నోరు తెరిపించబోయాడు. ఆ రోజు నుంచి సుప్రజ తెల్లకోటు కనిపిస్తే పెదాలు బిగించేస్తోంది. చివరికి రాజమండ్రిలో హేమశ్రీ అనే పిల్లల పళ్ల డాక్టరు దొరికింది. ఆవిడ సుప్రజని పట్టుకోలేదు, బతిమాలలేదు. లైటు తగ్గించి, దూరంగా నేల మీద కూర్చుంది.

"గోల లేని చోట, కాస్త మత్తిచ్చి చేసేద్దామండి. మీ దగ్గర్లోనే కొత్త విభాగం పెడుతున్నారు. నేనూ, మత్తు డాక్టరూ నెలకోసారి అక్కడికే వస్తాం, ప్రారంభం రోజే మొదలుపెడతాం" అంది. "ఒక్కటే షరతు. పిల్ల పరగడుపున రావాలి. మంచినీళ్లు కూడా వద్దు. కడుపులో ఏదన్నా ఉంటే, మత్తులో అది పైకి తన్ని ఊపిరికి అడ్డం పడుతుంది. ప్రాణం మీదికొస్తుందండి."

ఆ మాట సత్యకుమారి గుండెల మీద రాసుకుంది.

ఇక్కడ భీమరాజు గారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. ఆయనకి రొయ్యల చెరువులు ఎన్ని ఉన్నాయో ఆయనకే తెలియదు గానీ, గుమ్మంలోకి వచ్చినవాడు తిన్నాడో లేదో మాత్రం తెలియాలి. కిందటి ఎన్నికల్లో ఆయన మీద పోటీ చేయబోయిన పెద్దమనిషి, నామినేషన్ వేయడానికి వెళుతూ దారిలో పలకరింపుకని ఆయనింట్లో ఆగాడట. పెసరట్టు మీద పెసరట్టు పడింది. విస్తరి ముందు నుంచి లేచేసరికి నామినేషన్ల గడువు అయిపోయింది. దాన్ని రాజకీయం అన్నవాళ్లు గోదావరి జిల్లా వాళ్లు కారు. అది మర్యాద. వడ్డన దగ్గర ఎవరైనా 'వద్దండి' అంటే దానికి ఆయన దృష్టిలో ఒకటే అర్థం, మొహమాటం. మొహమాటానికి మందు ఇంకో రెండు వేయడం.

సోమవారం పొద్దున్నే సత్యకుమారి సుప్రజని తీసుకుని పాలగుమ్మిలంక చేరింది. లోపల గది ముచ్చటగా ఉంది. లేత నీలం గోడలు, గుడ్డి వెలుగు, గోడ మీద 'నిశ్శబ్దం' అని పెద్ద అక్షరాలు. ఆ గది కిటికీ కిందే బ్యాండుమేళం వాళ్లు నిలబడి సన్నాయి సరిచూసుకుంటున్నారు. పక్కనే డప్పులు. వాటి పక్కన బాణసంచా సంచులు.

డాక్టరు హేమశ్రీ ఎమ్మెల్యే గారి పీఏ ఉదయభాస్కర్‌ని పట్టుకుంది. "ఇక్కడికొచ్చే పిల్లలు చప్పుడు తట్టుకోలేరండీ. దయచేసి ఇవన్నీ తీయించండి."

ఉదయభాస్కర్ వినయంగా చేతులు కట్టుకున్నాడు. "ఆయ్, తమరు చెప్పింది నిజమేనండి. కానీ మేడం, నిశ్శబ్దంగా ప్రారంభిస్తే ప్రారంభించినట్టు జనానికి ఎలా తెలుస్తుందండీ?"

హేమశ్రీ లోపలి గోడ మీది అక్షరాల వైపు వేలు చూపించింది. డప్పులు మొదలయ్యాయి. సుప్రజ చెవులు మూసుకుని తల్లి కొంగులోకి దూరింది. అక్కడున్న పిల్లలందరూ తలో మూలా దూరారు. కన్నవాళ్లు వాళ్లని వెతుక్కుని మళ్లీ బెంచీల మీద కూర్చోబెట్టుకున్నారు.

భీమరాజు గారు విభూతి రేఖలతో కారు దిగారు. కార్తీక సోమవారాలు ఆయన చుక్క చూసేదాకా పచ్చి గంగ ముట్టరు. తాను తినని రోజున పక్కవాళ్లకి రెట్టింపు పెట్టడం ఆయన నియమం. రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, పిల్లల దగ్గరికొచ్చి ఆగారు. ఒక చేత్తో ఎడమ చెంప నొక్కుకుంటున్నారు. అది ఆలోచనా భంగిమ అని ఫొటోగ్రాఫరు దగ్గరగా వచ్చి తీశాడు.

"ఏంటండీ, పిల్లలందరూ ఇలా వాడిపోయారు?"

"పొద్దున్నుంచి ఏమీ తినలేదండి. పెట్టొద్దన్నారండి" అంది సత్యకుమారి.

భీమరాజు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నటన కాదు. పస్తున్న పిల్లని చూస్తే ఆయన మనసు నిజంగానే కరిగిపోతుంది, అదే వచ్చిన చిక్కు.

"ఎవరండీ పెట్టొద్దన్నది? నా నియోజకవర్గంలో పసిపిల్లలు పస్తులా? నేను ఉపవాసం ఉన్నానని వీళ్లనీ ఉంచారా ఏంటి? ఉదయభాస్కర్!"

"ఆయ్!"

"శుభమా అని ఆసుపత్రి తెరిచి, నోరు తీపి చేయకుండా పని మొదలెడతారా? కాజాలేవీ?"

కాజాలు సిద్ధంగానే ఉన్నాయి. వాటి వెనక ఇడ్లీలు, వాటి వెనక పూతరేకులు. పళ్లు పుచ్చిన పిల్లల కోసం ఇంత తీపి ఒక్కచోట చేర్చిన నాయకుడు మన రాష్ట్రంలో ఇంకొకరు లేరు. డాక్టరు హేమశ్రీ లోపల మత్తు డాక్టరుతో మాట్లాడుతోంది. ఆ డప్పుల్లో ఆవిడకి బయటి సంగతి తెలియలేదు.

"వద్దండి" అంది సత్యకుమారి.

"మొహమాటపడకమ్మా."

"మొహమాటం కాదండి. మత్తివ్వాలండి పిల్లకి. నిజంగా వద్దండి."

"రెండుసార్లు వద్దంటోందంటే ఎంత ఆకలి మీదుందో చూడవయ్యా" అని ఉదయభాస్కర్‌తో అని, ఆయన కాజా తీసి స్వహస్తాలతో సుప్రజ ముందు పెట్టారు. సత్యకుమారి చెయ్యి అడ్డం పెట్టబోయింది. ఫొటోకి అడ్డం వస్తోందని ఎవరో ఆమెని మర్యాదగా పక్కకి జరిపారు. పిల్లకి తీపి అంటే ప్రాణం. ఒక చెవి వదిలి చెయ్యి చాపింది. కాజా అందుకుని, నొప్పిలేని పక్కన పెట్టుకుని గబుక్కున నమిలేసింది. పాకం గడ్డం మీద కారింది. జనం చప్పట్లు కొట్టారు.

బెంచీల వరస చివరిదాకా అదే జరిగింది. ఏ తల్లి వద్దన్నా రెండేసి పడ్డాయి.

హేమశ్రీ బయటికొచ్చేసరికి ప్రతి పిల్ల మూతికీ పాకం మెరుస్తోంది.

"ఇవాళ ఎవరికీ మత్తివ్వడం కుదరదండీ" అంది.

"తిన్నది ఓ కాజాయే కదండీ" అన్నాడు ఉదయభాస్కర్.

"కాజా అయినా కడుపులోకే వెళుతుందండి. మళ్లీ వచ్చే నెలే."

వచ్చే నెల అన్నమాట సత్యకుమారికి చెంపదెబ్బలా తగిలింది. ఇంకో నెల పిల్ల తన చెంప తానే కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోవాలి. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కానీ ఎవరి మీద? పెట్టిన చేతిని తిట్టడం ఆమెకి ఎవరూ నేర్పలేదు.

భీమరాజు గారికి వేరే బెంగ పట్టుకుంది. "డాక్టరమ్మా, ముహూర్తం దాటిపోతోంది. బోణీ కాకుండా తలుపులు మూస్తే అరిష్టం కదండీ. ఒక్క పన్నైనా పీకకపోతే ఎలా?"

"పరగడుపున ఉన్నవాళ్లు ఎవరూ లేరు కదండీ."

ఉదయభాస్కర్ గొంతు సవరించుకున్నాడు. "సార్ ఉన్నారండి. ఎడమ పక్క పన్ను నెల్లాళ్ల నుంచి బాధపెడుతోందండి. సార్ ప్రజల కోసం బయటపడరు."

"ఆయనకి పరగడుపు అక్కర్లేదండి. మామూలు ఇంజక్షన్ చాలు" అంది హేమశ్రీ.

భీమరాజు గారు రెండడుగులు వెనక్కి వేశారు. "ఇది ప్రత్యేక పిల్లల కుర్చీ కదండీ. నాకు వద్దండి."

"మొహమాటపడకండి సార్" అన్నాడు ఉదయభాస్కర్. పదిమంది కార్యకర్తలూ అదే మాట అన్నారు. ఇంత ఆప్యాయంగా బతిమాలితే గోదావరి జిల్లాలో ఎవరు మాత్రం కాదనగలరు? ఆయన్ని తీసుకెళ్లి ప్రత్యేక కుర్చీలో కూర్చోబెట్టారు.

సూది కనబడగానే ఎమ్మెల్యే గారికి చెమటలు పట్టాయి. "బయట ఏంటయ్యా ఆ గోల? కాస్త ఆపించండి. ఆ చప్పుడుకి నా గుండె దడదడలాడుతోంది!"

ఉదయభాస్కర్ బాణంలా బయటికి పరుగెత్తాడు. డప్పులు ఆగిపోయాయి. సన్నాయి మధ్యలో తెగింది. బాణసంచా సంచులు ఆటోలో వెళ్లిపోయాయి. సెల్‌ఫోన్లు మూగపోయాయి. మాట్లాడబోయిన ఒక వార్డు మెంబరు నోటికి పక్కవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. గోడ మీద రాసిన మాట ఆ ఆసుపత్రిలో మొదటిసారి అమలైంది.

ఆ నిశ్శబ్దంలో సుప్రజ తల్లి కొంగులోంచి బయటికొచ్చింది. చెవుల మీంచి ఒక చెయ్యి తీసి చూసింది, తర్వాత రెండోది తీసింది. గుడ్డి వెలుగున్న గదిలోకి మెల్లగా నడిచింది. సత్యకుమారి అడుగుల చప్పుడు కాకుండా వెనకే వెళ్లింది.

పన్ను అప్పటికే వచ్చేసింది. కుర్చీలో అంత పెద్దమనిషి, నోరు బార్లా తెరుచుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే కదలకుండా పడున్నాడు. ఏదో మాట్లాడబోయాడు గానీ నాలుక మొద్దుబారిపోయి మాట రాలేదు. సుప్రజ ఆయన నోట్లోకి తొంగిచూసింది. ఆయన మొహంలోకి చూసింది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, తన నోరు తెరిచింది.

హేమశ్రీ కదల్లేదు. చిన్న టార్చి మాత్రం వేసింది.

"కనబడింది" అంది గుసగుసగా. "చీము పట్టిందండి. నొప్పి తగ్గడానికి మందు రాస్తాను, ఈలోగా కాస్త తింటుంది. పన్ను మాత్రం వచ్చే నెల తీసేద్దాం."

సత్యకుమారికి దుఃఖమూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. ఆర్నెల్ల నుంచి ఆ నోరు ఏ డాక్టరు ముందూ తెరుచుకోలేదు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కుర్చీలోంచి ఎమ్మెల్యే గారు "ఊ... ఆ... వా..." అన్నారు.

ఉదయభాస్కర్ వంగి విని, గొంతు తగ్గించి అనువదించాడు. "వచ్చే నెల కూడా సార్ స్వయంగా వస్తారటండి. దగ్గరుండి జరిపిస్తారట."

సత్యకుమారి భీమరాజు గారికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. తర్వాత హేమశ్రీ వైపు తిరిగింది.

"డాక్టరు గారూ, ఆయన వస్తే ఆ నాలుక మొద్దుబారే ఇంజక్షన్ ముందు ఆయనకే ఇచ్చేయండి. వద్దంటారండి, మొహమాటం."